కమాను కింద రెండు నిమిషాలు

జహీరాబాద్‌లో ఇప్పుడుంటున్న ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఓనరు మొహమాటపడుతూ ఒక సంగతి చెప్పాడు. వెనక గదిలో ఇదివరకు ఉన్న మనిషి ఉరి వేసుకున్నాడట. చాలామంది వచ్చి, ఇల్లంతా చూసి, ఆ మాట విని వెళ్ళిపోయారట. నేను ఆ గదిలోకి వెళ్ళి కిటికీ తెరిచి చూశాను. గాలి బాగానే వస్తోంది. మా బియ్యం డ్రమ్ము, జొన్నల బస్తా అందులోనే పెట్టించాను. నాలుగేళ్ళయింది. ఆ గదిలో పురుగులు తప్ప నన్నెవరూ పలకరించలేదు.

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంతా ముందు ఇట్లాంటి మాటే చెబుతారని నాకు తెలుసు. అట్లాంటివి చదివి "సరేలే" అనుకుని పేజీ తిప్పిన మనిషినే నేను. ఇప్పుడు మీరు తిప్పినా నాకు కోపం లేదు. కానీ నాకు జరిగింది జరిగినట్లు ఒకసారి రాసి పెట్టుకోవాలని ఉంది.

చిరాగ్‌పల్లి దగ్గర హైవే దిగి లోపలికి నాలుగైదు కిలోమీటర్లు పోతే ఒక పాత గడీ ఉంది. ఆ ఊరి దొరలది. చాలా ఏళ్ళు పాడుబడి, గబ్బిలాలకు నిలయమై ఉండేదట. తర్వాత హైదరాబాద్ వాళ్ళెవరో కొని పెద్ద హోటల్ చేశారు. డంగు సున్నం గోడలు అట్లాగే ఉంచి లోపల ఏసీలు పెట్టారు. చుట్టూ ఉన్న అల్లం చేలు, చెరకు తోటలు చదును చేసి గోల్ఫ్ కోసం గడ్డి పెంచారు. దొర తీర్పులు చెప్పిన ముందు హాలే ఇప్పుడు గోల్ఫ్ ఆడేవాళ్ళ క్లబ్‌హౌస్. మా దగ్గర సముద్రం లేదు కాబట్టి వెనకున్న చెరువునే లేక్‌వ్యూ అని చెప్పి ఆ పక్క గదులు ఎక్కువ ధరకు ఇస్తారు. ఆ ఊరివాళ్ళకు అది వినగానే నవ్వొస్తుంది. ఆ చెరువులో బర్రెలు తప్ప ఎవరూ దిగరు.

ఆ క్లబ్‌హౌస్‌లో నాకు ఉద్యోగం దొరికింది. వచ్చిన గెస్టులను కారు దగ్గర కలిసి లోపలికి తీసుకుపోవడం, వాళ్ళ ఆటకు టైము చూసి పెట్టడం నా పని. అంతకు ముందు నేను హైవే మీద ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో చేశాను. అక్కడ తాగి వచ్చినవాళ్ళు నన్ను "ఏయ్" అని పిలిచేవారు. ఇక్కడ మేడం అంటారు. నల్ల ప్యాంటు, కోటు, లేసుల నల్ల బూట్లు ఇచ్చారు. మొదటి రోజు ఆ బట్టల్లో అద్దం ముందు నిలబడితే మా అబ్బాయి "అమ్మా, నువ్వు పోలీసువా" అని అడిగాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మా ఆయనకు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఆ నెలల్లో షిఫ్టులు సరిగ్గా లేవు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆమె పుట్టింది ఆ గడీ ఉన్న ఊళ్ళోనే. పెళ్ళయ్యాక ఝరాసంగం పక్క పల్లెకు వచ్చేసింది. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. తర్వాత ఆ ఊళ్ళో మాకెవరూ మిగల్లేదు, నేను ఎన్నడూ అక్కడికి పోలేదు. ఉద్యోగం వచ్చిందని చెబితే అమ్మ సంతోషపడుతుందనుకున్నాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా ఒక్కటే అడిగింది.

"ముంగటి కమాను నుంచి పోతరా, ఎన్క దర్వాజ నుంచా?"

కమాను అంటే గడీ ముందు గేటుకు లోపల ఉండే పెద్ద ఆర్చి. పనివాళ్ళంతా వెనక గేటు నుంచే పోతారని చెప్పాను. "గట్లయితె మంచిదే," అని మళ్ళీ రాళ్ళేరుకుంది. ముందు గేటు దగ్గర కార్లు తిరుగుతుంటాయి, ఆమెకు మోటారు కార్లంటే భయం, అందుకే అడిగిందనుకున్నాను.

మొదటి మూడు వారాలు నాకు శిక్షణ. అందరితో పాటు వెనక గేటు నుంచే వెళ్ళాను, ఏమీ కాలేదు. నాలుగో వారం నుంచి గెస్టులను తీసుకురావడానికి ముందు గేటు దాకా వెళ్ళి రావడం మొదలైంది. గేటు నుంచి కమాను వంద అడుగులు ఉంటుంది. కమాను కింద నేల మీద ఒక వెడల్పాటి నల్లబండ పరిచి ఉంది. అది దాటితే గడ్డి, తర్వాత మెట్లు, ఆ పైన క్లబ్‌హౌస్.

ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు గేటు దగ్గర కాగితాలు ఇచ్చి తిరిగి వచ్చాను. కౌంటర్ వెనక నిలబడి కంప్యూటర్ చూస్తుంటే కాళ్ళకు చల్లగా తగిలింది. వంగి చూస్తే బూట్లు లేవు. నా ఎడమ చేతిలో ఉన్నాయి. సాక్సులు మడిచి బూట్ల లోపల పెట్టి ఉన్నాయి. పాదాలకు తడి గడ్డి అంటుకుని ఉంది.

బూటులో రాయి పడి తీసి ఉంటాను, మర్చిపోయి ఉంటాను అనుకున్నాను. పనుల ఒత్తిడిలో మనం కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకమా? గబగబా తొడుక్కుని నాలో నేను నవ్వుకున్నాను.

శుక్రవారం మళ్ళీ అయింది. ఈసారి గెస్టులున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. వాళ్ళకు ఆట టైములు చెబుతూ నడుస్తున్నాను. వాళ్ళు గేటు తలుపుల చెక్కడం ఫొటోలు తీసుకుంటూ కొంచెం వెనకబడ్డారు. క్లబ్‌హౌస్ మెట్ల దగ్గర తిరిగి చూస్తే ఆవిడ కూడా తన బూట్లు చేతిలో పట్టుకుని వస్తోంది. ఆయన ఒంటికాలి మీద నిలబడి లేసు విప్పుకుంటున్నాడు.

"ఇక్కడి నుంచి లోపలికి బూట్లు వేసుకోకూడదా అండీ? మీరు తీశారని మేమూ తీశాం," అన్నది ఆవిడ.

నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను. బూట్లు మళ్ళీ నా చేతిలో ఉన్నాయి. నోటికొచ్చిన అబద్ధం చెప్పాను, పాత కట్టడం కదా మేడం, మా అలవాటు అన్నాను. ఆవిడ చాలా మెచ్చుకుంది. ఆ మెప్పు మేనేజర్ సార్ దాకా పోయింది. ఆయన నన్ను పిలిచి, "బూట్లు లేకుండా గెస్టుల ముందుకు రావద్దు, సునీత గారూ," అని నవ్వుతూనే చెప్పారు.

దవాఖానకు పోయి చూపించుకున్నాను. రక్తం, థైరాయిడ్, తలకు స్కాను, అన్నీ చేశారు. ఏ తేడా లేదు. నిద్ర సరిగ్గా పోతున్నారా అని డాక్టరు అడిగితే, పోతున్నానని చెప్పాను. అది నిజమే. మా ఆయన సలహా మీద లేసులు రెండు ముళ్ళు వేసి, ఆ ముళ్ళ మీద ఇంకో ముడి బిగించుకుని పోవడం మొదలుపెట్టాను. పొద్దున వేసుకుంటే సాయంత్రం విప్పడానికి గోళ్ళు నొప్పి పుట్టేవి.

పదిరోజులకు మేనేజర్ సార్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఈసారి నవ్వలేదు. కంప్యూటర్ నా వైపు తిప్పి కెమెరా రికార్డింగ్ పెట్టారు. ఆ రోజుదే, పొద్దున పదకొండుకు కాస్త ముందు. ఆ పూట మెట్ల దగ్గర బూట్లు మళ్ళీ చేతిలో కనిపిస్తే, ఎవరూ చూడలేదనుకుని తొడుక్కున్నాను.

గేటు నుంచి నేను నడిచి వస్తున్నాను. నడక మామూలుగానే ఉంది. కమాను కిందికి వచ్చి ఆ నల్లబండ మీద ఆగాను. అటూ ఇటూ చూశాను. ఎవరో పిలిస్తే చూసినట్లు పైకి, మేడ వరండా వైపు చూశాను. తర్వాత కింద కూర్చుని ముడి మీద ముడి నిదానంగా విప్పాను. సాక్సులు తీసి బూట్లలో పెట్టాను. లేచి, రెండు బూట్లూ జతచేసి నెత్తి మీద పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, తల వంచి నిలబడ్డాను. నా పెదవులు కదులుతున్నాయి. కాసేపయ్యాక బూట్లు దింపి చేతిలో పట్టుకుని మెట్ల వైపు నడిచాను. మొత్తం రెండు నిమిషాల పైన ఉంది.

నేను ఆ రోజు ఎక్కడా ఆగినట్లు నాకు గుర్తు లేదు. ఆగలేదనే కోర్టులో అయినా ప్రమాణం చేసి చెప్పేదాన్ని. కానీ అక్కడున్నది నేనే. నా మెడలో గుర్తింపు కార్డు ఊగుతోంది.

మేనేజర్ సార్ ఇంకోలా అర్థం చేసుకున్నారు. ఆయనను తప్పు పట్టలేను. హోటల్ వాళ్ళు అప్పుడే "ఒక్కరోజు దొర" అనే పేరుతో ఒక ప్యాకేజీ మొదలుపెట్టారు. ఊళ్ళో కొందరికి ఆ పేరు నచ్చలేదు. గడీ ముందు చెప్పులు తీసి చేతబట్టుకుని నడిచిన కాలం సంగతి మా దిక్కు ఎవరికి తెలియదు? నేను కావాలనే ఆ నాటకం ఆడుతున్నానని ఆయన అనుకున్నారు.

"మీకు ఆ పేరు ఇష్టం లేకపోతే నాతో చెప్పొచ్చు కదా. గెస్టుల ముందు ఇట్లా నిరసన చేస్తే ఎవరో ఒకరు ఫోన్లో తీసి పెడతారు. మీ ఉద్యోగంతో పాటు నాది కూడా పోతుంది."

నేను ఏం చెప్పను? నాకు గుర్తు లేదని చెబితే పిచ్చిదాన్ననుకుంటారు, కావాలనే చేశానంటే తీసేస్తారు.  శనివారం పెద్ద పోటీ ఉంది, గెస్టులందరినీ ముందు గేటు నుంచి నేనే తీసుకురావాలి. ఆ రోజు మళ్ళీ జరిగితే సోమవారం నుంచి రావద్దన్నారు.

బయటికి వచ్చి గేటు దగ్గర కూలబడ్డాను. అక్కడ సెక్యూరిటీలో శివరాజ్ అని బీదర్ దిక్కు మనిషి ఉంటాడు. వయసులో నాకన్నా పెద్దవాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నువ్వు నన్ను అట్లా చూశావా అని అడిగాను.

"చూసిన మేడం, మూడు నాలుగు సార్లు. ఏదన్న మొక్కు ఉందేమో అనుకున్న. మొక్కుకున్నోళ్ళను నడుమ పిలువొద్దు కద, అందుకే ఊకున్న," అన్నాడు. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "మీరు కన్నడం ఎక్కడ నేర్సుకున్నరు?" అని అడిగాడు.

నాకు కన్నడం బీదర్ బస్సు బోర్డు గుర్తుపట్టేంత వరకే. అదే చెప్పాను.

"ఆడ నిలవడ్డప్పుడు మీరు కన్నడంలనే అంటరు. 'గొత్తిల్రీ, నంగ గొత్తిల్రీ' అని. తెల్వదండీ, నాకు తెల్వదండీ అని బతిమాలుకున్నట్టు. మా దిక్కు ముసలోళ్ళు గట్లనే అంటరు. మీరు ఏడుస్తున్నరో ఏమో అని నాకు మనసున పట్టలే."

ఆ మాట మా బస్టాండులో రోజూ వినపడేదే. ఎక్కడో విని మనసులో పెట్టుకున్నానని మీరనవచ్చు. నేనూ ఇంటికొచ్చే ఆటోలో అదే అనుకుంటూ వచ్చాను.

ఇంటికి వచ్చాక అమ్మకు అంతవరకూ జరిగింది ఏదీ చెప్పలేదు. అన్నం తింటూ మామూలుగా అడిగాను, "అమ్మా, గొత్తిల్రీ అని ఎవరన్నా అనేవారా మన ఇంట్లో?"

అమ్మ చేతిలో గంటె జారి గిన్నెలో పడింది. దాన్ని తీసి పక్కన పెట్టింది. తర్వాత నా వంక చూడకుండా, "నీకెవరు చెప్పిన్రే ఆ పేరు?" అన్నది.

పేరు అన్నది, మాట అనలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. బూట్ల సంగతి, కెమెరా సంగతి, శనివారం సంగతి. అమ్మ వింటూ వింటూ కొంగు నోట్లో కుక్కుకుంది. మా అమ్మ గట్టి మనిషి. నాన్న పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవలేదు. ఆ రోజు ఆమె ఏడుపు చూసి నాకు భయమేసింది.

మా అమ్మమ్మ పేరు బసమ్మ. పుట్టిల్లు బీదర్ అవతలి పల్లె. తాత పెళ్ళయిన కొత్తలో అక్కడే కూలి చేసేవాడు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఆమెను తీసుకుని గడీ ఉన్న తన సొంతూరికి వచ్చాడు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. వచ్చేటప్పుడు వాళ్ళ నాన్న కొత్త చెప్పులు కుట్టించి ఇచ్చాడు. మూడోరోజు పొద్దున బిందె పట్టుకుని, ఆ చెప్పులతోనే గడీ ముందు నుంచి నడిచిపోయింది. అక్కడ చెప్పులు విప్పాలని ఆమెకు తెలియదు. ఆమె పుట్టిన ఊళ్ళో గడీ లేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పాలని తట్టలేదు, వాళ్ళకు అది గాలి పీల్చినంత అలవాటు కాబట్టి.

"దొర మనుషులు పట్టుకొచ్చి కమాను కింద బండ మీద నిలబెట్టిన్రు. చెప్పులు నెత్తి మీద పెట్టించిన్రు. ఎండకాలం. పొద్దుగూకెదాక నిలబెట్టిన్రు బిడ్డా," అన్నది అమ్మ. "ఆమెకు వచ్చిన మాట అదొక్కటే. గొత్తిల్రీ, గొత్తిల్రీ అనుకుంట నిలవడ్డది. ఊరంత చూడొచ్చిండ్రు. మా నాయిన గూడ ఉన్నడు. మా నాయినమ్మ గూడ ఉన్నది. జర ఇడ్సిపెట్టున్రి, కొత్తగ వచ్చింది, ఆమెకు తెల్వది అని ఒక్కరంటె ఒక్కరు అనలే."

దొరకు భయపడి అనలేదు. అది నాకు అర్థమవుతుంది. తర్వాత జరిగింది నాకు అర్థం కాదు. ఆ మాట వినడానికి నవ్వొచ్చిందని ఊళ్ళో ఆమెకు గొత్తిల్ల అని పేరు పెట్టారు. బసమ్మ అనే పేరు పోయింది. మా అమ్మను గొత్తిల్ల బిడ్డ అనేవారు. ఇంటిని గొత్తిల్లోళ్ళ ఇల్లు అనేవారు. అమ్మమ్మ బతికినన్నాళ్ళు మళ్ళీ కాలికి చెప్పు తొడగలేదు, జహీరాబాద్ సంతకు ఎర్రటి ఎండలో వచ్చినా సరే. నోట కన్నడం ముక్క రానివ్వలేదు. పెళ్ళయి బయటపడ్డాక అమ్మ ఆ పేరు మాకెవరికీ చెప్పలేదు. మా అన్నయ్యకు ఫోన్ చేసి అడిగాను. అతనికీ తెలియదు. ఇద్దరు పిల్లల్లో ఎవరమూ వినని పేరు అది.

శనివారం పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడింది. "నేనొస్త," అన్నది. ఈ ఒక్కరోజు వద్దమ్మా, నా నౌకరీ పోతుంది అన్నాను. "పోతె పోనీ. మళ్ళ జేసుకుందువు," అన్నది. ఇద్దరం ఆటో ఎక్కాం.

తొమ్మిదింటికి చేరాం. ముందు రోజు రాత్రే వచ్చి దిగిన గెస్టులు అప్పటికే పైన వరండాలో టిఫిన్ చేస్తున్నారు. శివరాజ్ మమ్మల్ని ఆపలేదు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఈసారి మర్చిపోకూడదని నాలో నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ముప్పై ఆరు వరకు లెక్క గుర్తుంది.

తర్వాత నాకు తెలిసింది ఎండ. మెడ మీద మండుతోంది. తొమ్మిది గంటల ఎండ కాదు అది. నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుంది. ఎడమకాలు బండ మీద కాలుతోంది. నా చేతిలో ఒక బూటు ఉంది. దాన్ని పైకెత్తుతున్నాను. చుట్టూ చాలామంది ఉన్నట్లు, వాళ్ళ ఊపిరి వినపడుతున్నట్లు అనిపించింది. నాకు కనిపించింది మాత్రం మా అమ్మ ఒక్కతే. నా ముందుకు వచ్చి, మేడ వైపు తిరిగి, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరుస్తోంది.

"ఆమెకు తెల్వది! కొత్తగ వచ్చింది. మీ ఊరు తెల్వది, మీ రివాజు తెల్వది, మీ భాష తెల్వది. కడుపుతోని ఉన్నది. ఇడ్సిపెట్టున్రి! నేను చెప్తున్న, ఇడ్సిపెట్టున్రి ఆమెను!"

అరిచి, నా దగ్గరికి వచ్చింది. నా చేతిలో బూటు తీసుకుని, కింద కూర్చుని, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని తొడిగింది. ఆమెకు లేసులు కట్టడం రాదు. బస్తా మూతి కట్టినట్లు కట్టింది. లేచి నా చెంప తుడిచి, "బా అవ్వా, మనిగి హోగోణ," అన్నది. అమ్మ నోట నేను కన్నడం వినడం అదే మొదలు. రా అమ్మా, ఇంటికి పోదాం అని దానర్థమని శివరాజ్ తర్వాత చెప్పాడు. వాళ్ళ దిక్కు అవ్వ అంటే అమ్మ.

అప్పుడు పైనుంచి చప్పట్లు వినిపించాయి. గెస్టులు లేచి నిలబడి కొడుతున్నారు. ఒకాయన ఫోన్లో తీస్తున్నాడు. పాత కాలపు గడీ జీవితం గురించి హోటల్ వాళ్ళు వేసిన నాటిక అనుకున్నారు వాళ్ళు. మేనేజర్ సార్ పరుగెత్తుకుంటూ వచ్చినవారు ఆ చప్పట్లు విని మధ్యలో ఆగిపోయారు. నేను ఎవరినీ చూడకుండా అమ్మతో కలిసి గడ్డి దాటి, మెట్లెక్కి, క్లబ్‌హౌస్‌లోకి వెళ్ళాను. బూట్లతో వెళ్ళాను. ఆమెను సోఫాలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, నా పనిలో పడ్డాను. ఆ రోజు నలభై మందికి పైగా గెస్టులను ఆ కమాను కింద నుంచి తీసుకొచ్చాను.

సోమవారం మేనేజర్ సార్ పిలిచారు. తీసేస్తారనుకున్నాను. ఆయన కుర్చీ చూపించి, గెస్టులకు చాలా నచ్చింది, మీ అమ్మగారు ప్రతి శనివారం వచ్చి చేయగలరా అని అడిగారు. నాకు కోపంతో చెవులు మండాయి. అది నాటకం కాదు సార్, ఆ బండ మీద నిలబడ్డది మా అమ్మమ్మ అని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. చేతిలో పెన్ను బల్ల మీద పెట్టి, సారీ అన్నారు. ఆరు నెలలు నిండకముందే, ఆ నెలాఖరుకు నన్ను పర్మనెంట్ చేశారు. ప్యాకేజీ పేరు మాత్రం ఇంకా అదే ఉంది. దాని గురించి నేను ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. రోజూ ముందు గేటు నుంచే పోతున్నాను. మళ్ళీ ఒక్కసారి కూడా జరగలేదు.

ఆ శనివారం తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మను అడిగాను, దొర ఎప్పుడో చచ్చాడు కదా, ఎవరితో చెప్పావమ్మా అని.

"దొరతోని నాకేం పని? మా అమ్మ ఇంటదని చెప్పిన," అన్నది. "నేను పదిహేనేండ్ల పిల్లనప్పుడు ఏదో లొల్లి వెట్టుకొని, ఊరోళ్ళ తీర్గ నేను గూడ ఆమెను గొత్తిల్ల అన్న. మొకం మీదనే అన్న. ఆమె ఏమనలే, పొయ్యి ముంగట కూసున్నది. సచ్చిపోయెదాక నేను మాఫ్ అడగలే బిడ్డా."

 ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తెలిసినవాళ్ళకు చెబితే తలో మాటా అన్నారు. నేను కడుపులో ఉన్నప్పుడో, పసితనంలోనో అమ్మ నిద్రలో ఆ మాట కలవరించి ఉంటుందని ఒకరన్నారు. కావచ్చు. చదువుకున్న స్నేహితురాలు ఒకామె మనసు పొరల గురించి చాలాసేపు చెప్పింది. అదీ కావచ్చు. అందులో సగం నేను నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను. నమ్మలేనిది ఒకటి మిగిలింది.

పర్మనెంట్ అయ్యాక ఒక రోజు, మేనేజర్ సార్ లేనప్పుడు, ఆ శనివారం రికార్డింగ్ పెట్టుకుని చూశాను. మెట్ల దగ్గరి కెమెరాలోది. మా అమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో మూడు మెట్లకు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కుతుంది. క్లబ్‌హౌస్‌కు పదకొండు మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. రికార్డింగ్‌లో ఆమె ఆ పదకొండూ ఆగకుండా ఎక్కింది. ఆమె కుడిచెయ్యి నేను పట్టుకుని ఉన్నాను. ఎడమచెయ్యి కూడా మోచేతి దగ్గర వంగి, కాస్త పైకి లేచి ఉంది. ఆమె ఒంటి బరువు మొత్తం ఆ పక్కకే ఒరిగి ఉంది. ఆ పక్క ఎవరూ లేరు. అట్లా ఒరిగి నడిస్తే ఎవరైనా పడిపోవాలి. నేను ఇంటి వరండాలో నాలుగుసార్లు ప్రయత్నించి చూశాను, నాలుగుసార్లూ తూలాను.

ఆ రికార్డింగ్ అమ్మకు చూపించలేదు. ఒకరోజు తలకు నూనె రాస్తూ మాత్రం అడిగాను, ఆ రోజు అన్ని మెట్లు ఎట్లా ఎక్కావమ్మా అని.

"అమ్మ పట్టుకున్నది కద," అన్నది, కళ్ళు మూసుకునే.

మా అమ్మ ముద్దొచ్చినప్పుడు నన్ను కూడా అమ్మ అనే పిలుస్తుంది. ఆ మాట నా గురించి అన్నదో, ఎవరి గురించి అన్నదో నేను ఇప్పటికీ అడగలేదు.